అడగండి చెప్తాం: నిద్రపోతున్న కణాన్ని వైరస్ ఎందుకు లేపుతుంది?

పోయిన సంచికలో పీ53 గురించి, అంటే కణం అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రొటీన్ గురించి నాలుగు ముక్కలు రాశాను, దాని మీద ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి వైరస్, సెల్ సైకిల్ (కణం రెండవ్వడానికి దాటే దశల చుట్టు) గొడవ ఒక్కటే పట్టుకుని కూర్చున్నా. మిగిలినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మీ వంతు కూడా వస్తుంది.

ప్రశ్న: నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నానండీ. "వైరస్ ప్రొటీన్లు హోస్ట్ కణం సెల్ సైకిల్‌ని దెబ్బతీస్తాయి" అని మా పుస్తకంలో ఒకే ఒక్క లైను ఉంది, అంతే. వైరస్‌కి కావాల్సింది తన కాపీలు కదా, కణం రెండైతే దానికేం ఒరుగుతుంది? కణాన్ని వాడుకుని చంపేసి బయటపడొచ్చు కదా, ఈ తతంగమంతా ఎందుకు?

జవాబు: కణం రెండవ్వాలని వైరస్‌కి ఏ కోరికా లేదండీ. కణం రెండయ్యే ముందు చేసుకునే ఏర్పాట్లు ఉంటాయి చూడండి, దాని కన్నంతా వాటి మీదే.

మన ఒంట్లో ఏ టైంలో చూసినా ఎక్కువ కణాలు విభజన జోలికి పోకుండా తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి, ఆ స్థితిని జీ0 అంటారు. విభజనకి దిగిన కణం మాత్రం జీ1, ఎస్, జీ2, ఎమ్ అని నాలుగు దశలు దాటాలి. ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలకి ఈ చుట్టు తిరగడానికి దగ్గర దగ్గర 24 గంటలు పడుతుంది, అందులో జీ1కి ఓ 11 గంటలు, ఎస్‌కి 8, జీ2కి 4, అసలు రెండుగా చీలే ఎమ్‌కి ఒక్క గంట. డీఎన్‌ఏ కాపీ అయ్యేది ఎస్‌లోనే, కాపీ చేసే పాలిమరేజ్ ఎంజైములు, వాటికి ముడిసరుకైన న్యూక్లియోటైడ్లు ఇవన్నీ ఆ టైంకే దండిగా తయారవుతాయి. జీ0లో ఉన్న కణంలోకి వెళ్ళి చూస్తే ఈ సరంజామా చాలా తక్కువ. సొంతంగా పాలిమరేజ్ ఉన్న పెద్ద వైరస్ అయితే ఎలాగో నెట్టుకొస్తుంది, కానీ చిన్న డీఎన్‌ఏ వైరస్ సంగతేంటి?

హెచ్‌పీవీని తీసుకోండి, అదే హ్యూమన్ పాపిలోమా వైరస్. దాని జీనోమ్ మొత్తం 8,000 బేస్ జతలు, మనది ఒక సెట్టే 300 కోట్లు. ఆ 8,000లో పాలిమరేజ్‌కి చోటు లేదు కాబట్టి అది కణం దగ్గరే అరువు తెచ్చుకోవాలి. అసలు చిక్కు ఇంకోటుంది, అది చర్మంలోనో గర్భాశయ ముఖద్వారం పొరలోనో చిన్న గీత పడినచోట దూరి అడుగు వరస కణాల్లో కూర్చుంటుంది, ఆ కణాలు పైకి జరిగేకొద్దీ విభజన మానేసి ముదిరిపోయి చివరికి రాలిపోతాయి, వైరస్ కాపీలు భారీగా తయారవ్వాల్సింది మాత్రం సరిగ్గా ఆ పై వరసల్లోనే, అంటే పని మానేసిన కణంతోనే పని చేయించుకోవాలన్నమాట.

ఇక్కడే ఈ7 అనే ప్రొటీన్ వస్తుంది. (ఇది మన తెలుగు 'ఈ' కాదండోయ్, ఎర్లీ అనే మాటలో మొదటి అక్షరం. ముందు తయారయ్యేవి ఈ, తర్వాత తయారయ్యేవి ఎల్. మా ప్రూఫ్ చూసేవాళ్ళు "ఈ ఏడు ఏంటి, ఏ ఏడు?" అని అడిగారు.) హెచ్‌పీవీ 16 రకంలో ఈ7 పొడవు 98 అమైనో ఆమ్లాలు, అంతే. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అంటారు కదా, అదే టైపు. మామూలు కణంలో జీ1 నుంచి ఎస్‌కి వెళ్ళే గేటు దగ్గర ఆర్‌బీ అనే ప్రొటీన్ కాపలా ఉంటుంది, అది ఈ2ఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ని కదలనివ్వకుండా పట్టుకుని ఉంటుంది. పెరగమని బయటి నుంచి సిగ్నల్ వచ్చినప్పుడు సైక్లిన్ డీ, దానితో జతకట్టే సీడీకే4, సీడీకే6 ఎంజైములు కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు అతికిస్తాయి, అప్పుడు ఆర్‌బీ పట్టు వదులుతుంది, ఈ2ఎఫ్ బయటపడి ఎస్ ఫేజ్‌కి కావాల్సిన జీన్లన్నీ ఆన్ చేస్తుంది. ఈ7 ఈ సిగ్నల్ కోసం ఆగదు. నేరుగా వెళ్ళి ఆర్‌బీని పట్టుకుని ఈ2ఎఫ్‌ని విడిపించడమే కాకుండా ఆర్‌బీని కణం చెత్త మిషన్‌లోకి, అంటే ప్రోటియాజోమ్‌లోకి తోయించేస్తుంది. ఇక గేటుకి కాపలా ఎవరు?

కానీ కణం కూడా తక్కువదేం కాదు. సిగ్నల్ ఏమీ లేకుండా ఈ2ఎఫ్ ఇలా రెచ్చిపోయిందంటే ఎక్కడో తేడా ఉందని పసిగట్టేస్తుంది, పీ53 పోగుపడటం మొదలవుతుంది, అది సైకిల్‌ని ఆపేస్తుంది లేదా కణాన్నే ఆత్మహత్యకి పంపిస్తుంది. అంటే ఒక్క ఈ7తో వైరస్ బండి నడవదు. అందుకే ఈ6. ఇది పీ53 మీద తనే చెయ్యి చేసుకోదు, కణంలోనే ఉండే ఈ6ఏపీ అనే ఎంజైముని వెంటబెట్టుకెళ్ళి పీ53కి చెత్త ముద్ర వేయిస్తుంది. మామూలుగా ఆ ఎంజైము పీ53 జోలికే పోదు. కంచే చేను మేసినట్టు, కణం కాపలాదారుని కణం ఎంజైముతోనే చంపించడం, ఈ6 వల్ల పీ53 నాశనమవుతోందని 1990లో బయటపడింది, ఆ ఎంజైము ఏదో తర్వాత తెలిసింది. ఇదంతా మొదటిసారి చదివినప్పుడు నాకు భయం వేసింది, నవ్వు కూడా వచ్చింది.

ఈ రెండు దెబ్బల లెక్క హెచ్‌పీవీ సొత్తేం కాదు. అడినోవైరస్‌కి ఆర్‌బీ కోసం ఈ1ఏ, పీ53 కోసం ఈ1బీ ఉన్నాయి. కోతుల్లో దొరికిన ఎస్వీ40కి లార్జ్ టీ యాంటిజెన్ అనే ఒక్క ప్రొటీనే రెండు పనులూ చేసేస్తుంది. మూడూ వేరు వేరు వైరస్ కుటుంబాలు, అయినా ఆర్‌బీని పట్టుకునే కొక్కెం మాత్రం మూడింటికీ ఒకటే, ల్యూసిన్, మధ్యలో ఏదో ఒకటి, సిస్టీన్, మళ్ళీ ఏదో ఒకటి, గ్లుటమిక్ ఆమ్లం, ఈ వరస. మన సొంత సైక్లిన్ డీలో కూడా ఇదే వరస ఉంది. కాబట్టి పరీక్షలో అడిగితే "దెబ్బతీస్తాయి" అని రాసి ఊరుకోకండి, కణం స్విచ్‌లు నొక్కుతాయి అని రాయండి, వైరస్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఉన్నవాటిలో ఏవి నొక్కాలో దానికి తెలుసు.

ప్రశ్న: మా సార్ హెచ్ఐవీ కణాన్ని ఆపేస్తుంది అన్నారు, ఇంకో చోట వైరస్ కణాన్ని పరిగెత్తిస్తుంది అని చదివాను. ఏది రైట్?

జవాబు: రెండూ రైటే. ఏ వైరస్‌కి ఏ దశలో గిట్టుబాటు అయితే అక్కడికి తీసుకెళ్ళి కూర్చోబెడుతుంది.

హెచ్ఐవీలో వీపీఆర్ అని 96 అమైనో ఆమ్లాల ప్రొటీన్ ఉంది, ఇది వైరస్ కణికలోనే ప్యాక్ అయి లోపలికి వస్తుంది కాబట్టి వైరస్ కొత్త ప్రొటీన్లు తయారయ్యేదాకా ఆగక్కర్లేదు. ఇది కూడా కణం చెత్త మిషన్‌కి సరుకు పంపే ఒక ఎంజైము గుంపుని హైజాక్ చేస్తుంది, దాంతో డీఎన్‌ఏ దెబ్బతింది అనే అలారం మోగుతుంది, ఎమ్‌లోకి వెళ్ళడానికి కావాల్సిన సీడీకే1 ఆన్ అవ్వదు, కణం జీ2లోనే ఇరుక్కుపోతుంది. దీనివల్ల లాభం ఏంటంటే హెచ్ఐవీ జీన్లని నడిపే ప్రమోటర్, అంటే వాటిని ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క, జీ2లో ఇంకా గట్టిగా పని చేస్తుంది, ఇరుక్కున్నంతసేపూ ప్రొడక్షన్ జోరే.

సైటోమెగలో వైరస్ది మరీ విడ్డూరం. హెర్పీస్ కుటుంబం కాబట్టి సొంత పాలిమరేజ్ ఉంది, అయినా న్యూక్లియోటైడ్లు కావాలి. అందుకని ఒక పక్క ఆర్‌బీని కొట్టి ఎస్ ఫేజ్ జీన్లు ఆన్ చేయిస్తుంది, ఇంకో పక్క కణం తన డీఎన్‌ఏ కాపీ చేసుకోకుండా అడ్డం పడుతుంది. సరుకంతా కణం చేత తెప్పించి కణాన్ని మాత్రం ముట్టుకోనివ్వదన్నమాట. ఆర్‌బీకి ఫాస్ఫేట్లు అతికించడానికి వైరస్ దగ్గర యూఎల్97 అనే సొంత కైనేజ్ కూడా ఉంది, అంటే మన సీడీకేకి డూప్లికేట్. దీన్ని అడ్డుకునే మరిబావిర్ అనే మందుకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళలో వేరే మందులకి లొంగని ఇన్‌ఫెక్షన్ కోసం. తమాషా ఏంటంటే పాత మందు గాన్‌సైక్లోవిర్ పని చెయ్యాలంటే ముందు ఇదే యూఎల్97 దాన్ని యాక్టివేట్ చెయ్యాలి, అందుకే ఈ రెండు మందులూ కలిపి ఇవ్వరు.

ఇక పార్వోవైరస్‌లు. జీనోమ్ 5,000 బేసుల చిల్లర, కణాన్ని ఎస్‌లోకి తోసే శక్తి లేదు, అందుకని దూరి ఊరికే కూర్చుంటుంది, కణం తనంతట తాను ఎస్‌లోకి వెళ్ళేదాకా ఆగి అప్పుడు పని మొదలెడుతుంది. మరి అలా ఆగాలంటే ఎప్పుడూ విభజన జరిగేచోటే కాపు కాయాలి కదా, పార్వో బీ19 మన ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలు తయారు చేసే కణాల్ని పట్టుకునేది అందుకే. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకి ఇది వస్తే ఎర్రకణాల తయారీ ఉన్నట్టుండి ఆగిపోయి ప్రమాదం అవుతుంది. కుక్కపిల్లల పార్వో పేగుల మీద పడటానికి కారణం కూడా ఇదే, పేగు లోపలి పొర ఎప్పుడూ కొత్తగా పుడుతూనే ఉంటుంది.

ప్రశ్న: టెస్టులో నాకు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిందండీ. మీరు రాసినవి, నెట్‌లో ఉన్నవి చదివాక నిద్ర పట్టట్లేదు. నా కణాల్లో పీ53 పోయిందా? క్యాన్సర్ మొదలైపోయినట్టేనా?

జవాబు: కాదండీ. ముందు ఈ మాట వినండి, హెచ్‌పీవీ తగిలినవాళ్ళలో దాదాపు 90 శాతం మందికి రెండేళ్ళలోపు వాళ్ళ ఇమ్యూనిటీయే దాన్ని అణిచేస్తుంది. పాజిటివ్ అంటే వైరస్ ఉంది అని మాత్రమే అర్థం.

హెచ్‌పీవీలో రకాలు రెండొందలకి పైనే ఉన్నాయి, అన్నీ ఒకటి కాదు. పులిపిర్లు తెచ్చే 6, 11 రకాల ఈ7 ఆర్‌బీని పట్టీ పట్టనట్టు పట్టుకుంటుంది, వాటి ఈ6 పీ53ని సరిగ్గా నాశనం చెయ్యలేదు. భయపడాల్సినవి 16, 18 లాంటి హై రిస్క్ రకాలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈ రెండిటివల్లే. వాటిలో కూడా మామూలు ఇన్‌ఫెక్షన్‌లో ఈ6, ఈ7 అదుపులోనే ఉంటాయి, ఎందుకంటే వైరస్‌దే ఈ2 అనే ఇంకో ప్రొటీన్ వాటి జీన్లకి బ్రేకు వేస్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి వైరస్ పోకుండా ఉండిపోయి, ఎక్కడో పొరపాటున దాని డీఎన్‌ఏ ముక్కై మన క్రోమోజోమ్‌లో అతుక్కుపోతే, ఆ ముక్కవ్వడంలో ఈ2 తెగిపోతే, అప్పుడు బ్రేకు పోతుంది, ఈ6, ఈ7 విచ్చలవిడిగా తయారవుతాయి. ఆ స్థితికి వచ్చిన కణం కొత్త వైరస్‌లని తయారు చెయ్యలేదు, అంటే క్యాన్సర్ వల్ల వైరస్‌కి కూడా దక్కేదేమీ లేదు, దానికదో డెడ్ ఎండ్. ఇమ్యూనిటీ మామూలుగా ఉన్న ఆడవాళ్ళలో చెడు కణాలు క్యాన్సర్‌గా ముదరడానికి 15 నుంచి 20 ఏళ్ళు పడుతుందని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క, చికిత్స లేని హెచ్ఐవీ లాంటివి ఉంటే 5 నుంచి 10 ఏళ్ళు. అంత టైం ఉంది కాబట్టే స్క్రీనింగ్ పని చేస్తుంది, ముందే దొరికితే ఆ చెడు పొర తీసేయొచ్చు.

కాబట్టి మీ డాక్టర్ గారు చెప్పిన టైంకి మళ్ళీ టెస్టుకి వెళ్ళండి, అది మాత్రం మానొద్దు. ఒకవేళ బయాప్సీ దాకా వెళ్తే రిపోర్టులో పీ16 అనే ప్రొటీన్ పేరు కనిపించొచ్చు, ఆర్‌బీ పనిచెయ్యని కణంలో పీ16 విపరీతంగా పెరిగిపోతుంది, అందుకని ఈ7 అక్కడ పని చేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి దానికి రంగు వేసి చూస్తారు. వ్యాక్సిన్ గురించి కూడా అడిగారు, అందులో ఉండేది ఎల్1 అనే పై తొడుగు ప్రొటీన్ ఒక్కటే, ఈ6, ఈ7 ఉండవు, వైరస్ డీఎన్‌ఏ కూడా ఉండదు. అది రాకముందు ఆపేదే గానీ వచ్చినదాన్ని తగ్గించేది కాదు, అయినా ఇంకా తగలని రకాల నుంచి కాపాడుతుంది కాబట్టి మీకు ఉపయోగం ఉంటుందా అని డాక్టర్‌నే అడగండి. ముందు నిద్రపోండి.

ప్రశ్న: జలుబు, ఫ్లూ వైరస్‌లు కూడా ఇలాగే చేస్తాయా? నాకు నెలకోసారి జలుబు చేస్తుంది.

జవాబు: ఫ్లూ వైరస్ కణాన్ని జీ0, జీ1 దగ్గరే ఆపుతుందని ల్యాబ్‌లో చూశారు. కానీ అది సోకిన కణం కొన్నాళ్ళలో చచ్చిపోతుంది, చచ్చిపోయిన కణం క్యాన్సర్ అవ్వలేదు కదా. జలుబు తెచ్చేవాటిలో అడినోవైరస్‌లు కూడా ఉన్నాయి, వాటిలో 12వ రకం అప్పుడే పుట్టిన హ్యామ్‌స్టర్లకి ఎక్కిస్తే గడ్డలు వచ్చాయని 1962లో తేలి పెద్ద కలకలం రేగింది, తర్వాత ఎంత వెతికినా మనుషుల్లో అడినోవైరస్‌తో క్యాన్సర్‌కి లంకె దొరకలేదు. మీ జలుబుకి అలర్జీ ఏమైనా ఉందేమో చూపించుకోండి.

ప్రశ్న: క్యాన్సర్ మీద పని చేసేవాళ్ళు ఎక్కడో కోతి వైరస్, జలుబు వైరస్ పట్టుకుని ఏళ్ళకేళ్ళు కూర్చోవడం ఏంటి, అది టైం వేస్ట్ కాదా?

జవాబు: అలా కూర్చోకపోతే ఈ శీర్షికలో సగం మాటలు పుట్టేవే కావు. పీ53 ఎలా దొరికిందనుకున్నారు? 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్, అమెరికాలో ఆర్నాల్డ్ లెవిన్, డానియెల్ లిన్‌జర్, ఇంకా వేరే గుంపులు కూడా, ఎస్వీ40 లార్జ్ టీని యాంటీబాడీతో బయటికి లాగుతుంటే దాన్ని అంటిపెట్టుకుని ఇంకో ప్రొటీన్ కూడా వచ్చింది. అదే పీ53. గడ్డల్లో కుప్పలుగా కనిపిస్తోంది కదా అని పదేళ్ళ పాటు దాన్ని క్యాన్సర్ తెచ్చేదే అనుకున్నారు, అప్పట్లో ల్యాబుల్లో వాడిన పీ53 జీన్ కాపీలు కొన్ని చెడిపోయినవని తెలిశాక, 1989కి గానీ అది క్యాన్సర్‌ని ఆపేదని తేలలేదు. దొంగ అనుకుని పట్టుకున్నవాడు పోలీసు అని తేలింది.

ఆర్‌బీ కథ ఇంకా బాగుంటుంది. పిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లో పోయే జీన్‌గా అది 1986లో దొరికింది, అది ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలీదు. ఇంకోపక్క ఎడ్ హార్లో బృందం అడినోవైరస్ ఈ1ఏని లాగినప్పుడల్లా దానితోపాటు 105 కిలోడాల్టన్ల (ప్రొటీన్ల బరువు కొలత) బరువున్న ప్రొటీన్ ఒకటి వస్తోంది, అదేంటో వాళ్ళకీ తెలీదు. 1988లో రెండూ ఒకటే అని బయటపడింది. అంటే వైరస్ క్యాన్సర్ జీన్, మనిషి క్యాన్సర్‌ని ఆపే జీన్ చేతులు కలిపి ఒకే జెల్ (ప్రొటీన్లని బరువుల వారీగా విడదీసే పలక) మీద కనిపించాయి. మరుసటి ఏడాదే ఈ7 కూడా ఆర్‌బీనే పట్టుకుంటుందని చూపించారు. ఈ2ఎఫ్ పేరు కూడా అడినోవైరస్ పెట్టిందే, ఆ వైరస్ ఈ2 జీన్ని (హెచ్‌పీవీలో బ్రేకు వేసే ఈ2 కాదు) ఆన్ చేసే ఫ్యాక్టర్ కాబట్టి ఈ2ఎఫ్. మన కణాల్లో అంత ముఖ్యమైన ప్రొటీన్ జలుబు వైరస్ ఇంటిపేరుతో తిరుగుతోంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. ల్యాబుల్లో పెరిగే హెలా కణాలు హెన్రియెటా లాక్స్ అనే ఆవిడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి 1951లో తీసినవి, వాటిలో ఉన్నది హెచ్‌పీవీ 18. అర్ధ శతాబ్దం పాటు ఆగకుండా పెరిగిన ఆ కణాల్లోకి 2000 ప్రాంతంలో బ్రేకు ప్రొటీన్ ఈ2ని మళ్ళీ పంపి ఈ6, ఈ7లని ఆఫ్ చేసి చూశారు. ఆర్‌బీ, పీ53 రెండూ మళ్ళీ పనిలోకి దిగాయి, కొన్ని రోజుల్లోనే కణాలు పెరగడం మానేసి ముసలివైపోయాయి. అన్నేళ్ళు అయినా కాపలావాళ్ళు చావలేదు, ఎప్పుడు తయారైతే అప్పుడు చెత్తలోకి పోతున్నారు, అంతే.

ప్రశ్న: ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు కదా, ఈ వైరస్‌లతోనే క్యాన్సర్‌ని కొట్టలేమా?

జవాబు: ఆ ఆలోచన వచ్చింది, మందు కూడా అయ్యింది. అడినోవైరస్ నుంచి ఈ1బీ 55కే అనే జీన్ తీసేస్తే అది పీ53ని ఆపలేదు, కాబట్టి మంచి కణంలో పెరగలేదు, పీ53 ఎలాగూ చెడిపోయిన క్యాన్సర్ కణంలో మాత్రం హాయిగా పెరిగి దాన్ని పగలగొడుతుంది అని 1996లో ఒనిక్స్-015 అనే వైరస్‌తో మొదలెట్టారు. కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడండి. తర్వాత చూస్తే లెక్క అంత సింపుల్ కాదు, ఆ జీన్‌కి వైరస్ ఆర్‌ఎన్‌ఏని న్యూక్లియస్ బయటికి పంపే పని కూడా ఉంది, కొన్ని క్యాన్సర్ కణాలు ఆ పనిని తామే చేసిపెడతాయి కాబట్టి అక్కడ వైరస్ పెరుగుతోంది గానీ పీ53 ఉందా లేదా అన్నదాని మీద మొత్తం ఆధారపడట్లేదు. దాదాపు అలాంటిదే అయిన హెచ్101కి చైనాలో 2005లో అనుమతి ఇచ్చారు, తల, మెడ క్యాన్సర్లకి కీమోతో కలిపి. ఇంకో రకంలో ఈ1ఏలో ఆర్‌బీని పట్టుకునే కొక్కెం దగ్గర 24 బేసులు మాత్రమే కత్తిరించారు, దాన్ని మెదడు గడ్డల మీద ట్రయల్స్‌లో వాడి చూశారు. నాకైతే ఈ రెండోది ఎక్కువ నచ్చింది, కత్తిరింపు చిన్నది, ఎందుకు కత్తిరించామో స్పష్టంగా తెలుసు.

ప్రశ్న: పోయిన సంచికలో పీ53 బరువు 53 కిలోడాల్టన్లు కాబట్టి ఆ పేరు అని రాశారు. లెక్కేస్తే 44 కూడా రావట్లేదు. సరిచూసుకోగలరు.

జవాబు: తప్పు నాదేనండీ, చెవి పట్టుకున్నా. దాని అసలు బరువు సుమారు 43.7 కిలోడాల్టన్లు. ప్రొటీన్లో ఒకచోట ప్రోలిన్లు ఎక్కువగా ఉండటం వల్ల జెల్‌లో నెమ్మదిగా జరిగి 53 దగ్గర ఆగేది, అది చూసి పేరు పెట్టేశారు, తర్వాత ఎవరూ మార్చలేదు.